పన్నెండో రోజుకి పేర్లు

భిలాయి, సెక్టర్ 2లో ఒక క్వార్టర్. మధ్యాహ్నం. ఇంటాయన పోయి పదకొండో రోజు. తల్లి గౌరీదేవి, కూతురు ఇంద్రజ.

"మళ్ళీ చూడు. ఎప్పుడు పోయేడని ఉంది?"

"ఎన్నిసార్లు చూడను అమ్మా? పందొమ్మిది వందల పన్నెండు. డర్బన్‌లో. అక్కడి ఆస్పత్రి రిజిస్టర్లో ఉంది. షీబా ఫోటో తీసి పంపింది."

"నెల?"

"నెల లేదు. సిరా చెదిరిపోయింది. నెలతో నీకేం పని? పంతులుగారు అడిగింది పేర్లు. రేపు పన్నెండో రోజు. నాన్నని వాళ్ళ నాన్నతో, తాతతో, ముత్తాతతో కలపాలట. అందరి పేర్లూ సాయంత్రంలోగా వాట్సాప్ చెయ్యమన్నారు. బస్, అంతే."

"రెండు చెప్పీసేను కదా. మీ తాత రామ్మూర్తి. ఆయన తండ్రి సన్యాసి."

"మూడోదే కదా గొడవ. ఆ సన్యాసి తండ్రి. దక్షిణాఫ్రికా నాటాల్ వెళ్ళిపోయిన నాటాలు తాత."

"ఆయన పైడయ్య. ఇంట్లో అందరూ అలాగే అనీవోరు."

"ఈ ఓడ జాబితాలో అప్పన్న అని ఉంది."

"అయితే ఆయన కాదు."

"ఆయనే అమ్మా. తండ్రి పేరు గురువులు. ఊరు పాలవలస, విజయనగరం తాలూకా. వయసు ఇరవై నాలుగు. పక్కన ఒంటి మీద గుర్తులని ఒక కాలమ్ ఉంది. ఎడమ కాలికి ఆరు వేళ్ళు."

"ఆరా?"

"ఆరు. చిన్నప్పుడు నువ్వే కదా చెప్పేదానివి, ఆరు వేళ్ళ తాత సముద్రం దాటిపోయాడని. అన్నయ్యా నేనూ రోజూ కాళ్ళు చూసుకునేవాళ్ళం. ఆ ఓడలో మూడొందల మంది ఉంటే ఆరు వేళ్ళవాడు ఒక్కడే. షీబా అలాగే పట్టుకుంది."

"ఈ షీబా మనకేటవుతాది?"

"ఏమీ అవదు. వాళ్ళ ముత్తవ్వ కూడా మన వైపు నుంచే వెళ్ళింది. డర్బన్ మొదట్లో ఎలా ఉండేదో, మనవాళ్ళు అక్కడ ఏం చేశారో ఒక పుస్తకం రాస్తోంది. వాళ్ళ చర్చిలో ఇప్పటికీ ఒక తెలుగు పాట పాడతారట. అర్థం ఎవరికీ తెలీదు. పాడతారు."

"అర్థం తెలియకుండా ఏటి పాడతారు?"

"నా తెలుగులో సగం నీకు అర్థమవుతోందా? మాట్లాడటం లేదూ? అలాగే."

"ఆవిడ రాసింది చదువు."

"ఇప్పుడా? ముందు పేర్లు పంపనీ."

"చదువు. ఇంగ్లీషు గనక నిన్ను అడుగుతున్నాను. తెలుగైతే నేనే కూడబలుక్కుందును."

"సరే. విను. మొదట్లో అక్కడ ఊరే లేదు. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పెద్ద మడుగు. చుట్టూ మడ అడవి. ఇటు ఇసక దిబ్బలు. వెనక గుట్ట మీద ఏనుగులు తిరిగేవి. మడుగులో హిప్పోలు."

"అవేటి?"

"నీటిగుర్రాలు. మైత్రీబాగ్ జూలో చూపించాను కదా, నోరు తెరిచింది, నువ్వు పాపం దాని పళ్ళు చూడు అన్నావు."

"ఊఁ."

"ముందు పాతికమంది దొరలు దిగారు. గుడిసెలు. ఎవరో గవర్నరు పేరు పెట్టి దీన్ని ఊరు అన్నారు. ఊరు అనుకోవడమే గానీ అడుగు తీస్తే ఇసక, అడుగేస్తే బురద. ఓడ ఒడ్డుకి రాలేకపోయేది, అడ్డంగా ఇసక మేట. బయటే ఆగేది. మనుషుల్ని ఒక పెద్ద బుట్టలో నిలబెట్టి, తాడు కట్టి, కింద చిన్న పడవలోకి దింపేవారట."

"కాయగూరల్లాగ."

"కాయగూరల్లాగే. తర్వాత చెరకు తోటలకని మన వైపు నుంచి కూలీల్ని తేవడం మొదలెట్టారు. అయిదేళ్ళకి సంతకం. తోటలో అయిదేళ్ళు అయినవాళ్ళు కొందరు ఊళ్ళోకి వచ్చేసేవారు. ఊరికీ మనుషులు కావాలి కదా. దిబ్బలు తవ్వి చదును చెయ్యడం, బురద పూడ్చడం, రోడ్లు, రైలు, వీధులు ఊడవడం, పాయిఖానాల బళ్ళు లాగడం. అన్నీ మునిసిపాలిటీ కూలీలే. మనవాళ్ళు చాలామంది. వాళ్ళకి ఒక పక్క వరసగా గదులు కట్టి పడేశారు."

"క్యాంపులు."

"ఆఁ, క్యాంపులు. మన క్యాంప్ 2 లాగే, స్టీల్ ప్లాంటు కట్టిన కూలీలకి వేసినట్టు."

"ఇక్కడా మొదట అంతే. ఎర్రమట్టి. ఈ చెట్లేవీ లేవు. ఎటు చూసినా ఒకేలాటి ఇళ్ళు. నేను దారి తప్పి వేరే ఇంట్లోకి దూరిపోతానని మీ నాన్న మన గోడ మీద బొగ్గుతో గుర్తు పెట్టేరు."

"దూరావా ఎప్పుడైనా?"

"రెండుసార్లు. ఒకసారి ఆ ఇంటి పొయ్యి మీద పప్పు కూడా దింపీసేను, మాడిపోతోందని."

"అరే, ఇది ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎవరడిగేరు? చదువు."

"ఇంకేముంది. పోనుపోను సముద్రం పక్కన మంచి రోడ్డు వేశారు. హోటళ్ళు కట్టారు. స్నానాలకి సముద్రంలోనే కంచె కట్టారు, సొరచేపలు రాకుండా. ఎక్కడెక్కడి దొరలో సెలవులకి రావడం మొదలెట్టారు. అప్పటి పోస్టుకార్డు చూడు, గొడుగులు, టోపీలు. ఆస్పత్రి రిజిస్టర్లో తాత పేరు పక్కన ఏం రాసుందో తెలుసా? సముద్రపు రోడ్డు, ఇసక పని."

"ఆ దిబ్బలు ఆయన తవ్వినవేనా?"

"అయ్యుండాలి. ఆ ఇసక మీద మనవాళ్ళని కూర్చోనిచ్చేవారు కాదట తర్వాత."

"చదును చేసినవాళ్ళనా?"

"చదును చేసినవాళ్ళనే. కూర్చోడానికి వీల్లేదు, ఊడవడానికి వెళ్ళొచ్చు."

"ఊఁ."

"ఇంకోటుంది. చెప్పాలా వద్దా అని రెండు రోజుల్నుంచి చూస్తున్నా. ఓడ జాబితాలో తాత కింది వరసలో భార్య అని రాసుంది. నూకాలు. పందొమ్మిదేళ్ళు."

"ఆయన పెళ్ళాం పాలవలసలోనే ఉండిపోయింది. చంటిబిడ్డతో."

"అదే కదా! ఈ నూకాలు ఎవరు మరి?"

"ఎవరో."

"నీకేమీ అనిపించదా?"

"ఏటనిపించాల? ఒంటరి ఆడదాన్ని ఓడెక్కించుకోరు కామోసు. పక్కన ఎవరున్నారో వాళ్ళ కింద రాసీసుంటారు."

"షీబా సరిగ్గా అదే రాసింది. వందమంది మగవాళ్ళకి ఇంతమంది ఆడవాళ్ళు లేకపోతే ఓడ కదలకూడదని రూలు. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళని, ఓడెక్కే ముందు కూలీల్ని ఉంచే డిపోలోనే ఎవరో ఒకరి పక్కన నిలబెట్టేసేవారట. నీకెలా తెలిసింది?"

"తెలియకపోడానికేటుంది. పేరెందుకు మార్చుకున్నాడో రాయలేదా?"

"ఉంది. మత్‌లబ్, ఊహే. అప్పన్న అనే ఒకణ్ణి డాక్టరు చూసి సరేనని రాసుకుంటాడు. ఆ అప్పన్నకి భయమేసి పారిపోతాడు. పొద్దున్న లెక్కకి ఒకడు తక్కువ. గేటు బయట ఉన్నవాడెవడో లోపలికొచ్చి అప్పన్న అంటే నేనే అంటాడు. అలాంటివి చాలా ఉన్నాయట."

"అందుకే బతికేడు."

"ఏమిటి?"

"ఆయన వెళ్ళింది ఎప్పుడన్నావు?"

"పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిది."

"పన్నెండు కలుపు."

"పందొమ్మిది వందల ఒకటి. ఏం?"

"పన్నెండేళ్ళు చూసేరు. కబురు లేదు. పన్నెండేళ్ళు కబురు లేనివాడు పోయినట్టే లెక్క. దర్భలతో మనిషి బొమ్మ చేసి కాల్చీసేరు. పైడయ్యా అని పిలిచి పిండం పెట్టీసేరు. ముత్తవ్వ గాజులు తీయించీసేరు. మా అత్తగారు చెప్పింది నాకు. అప్పటికి ఆయన పోయేడో లేదో అని ఆ ఇంట్లో మూడు తరాలు కొట్టుకున్నాయి. బతికున్నవాడికి పిండం పెడితే వాడు నిలవడు అంటారు."

"అందుకా పొద్దున్నుంచీ ఎప్పుడు పోయాడు, ఎప్పుడు పోయాడు అని ప్రాణం తీస్తున్నావు! చూడు మరి. పిండం పెట్టిన తర్వాత పదకొండేళ్ళు బతికాడు. ఏమీ కాలేదు."

"ఎందుకవుతాది? పైడయ్యా అని పిలిచేరు. అక్కడ పైడయ్య లేడు. అప్పన్న ఉన్నాడు. పిలుపు తగల్లేదు."

"అమ్మా, నువ్వు ఇవన్నీ నమ్ముతావా?"

"నమ్మను. భయం. నమ్మకం వేరు, భయం వేరు."

"ఠీక్ హై. ఇంట్లో పేరే పంపుతున్నా. పైడయ్య. దాని కింద సన్యాసి, రామ్మూర్తి. వాళ్ళ కింద నాన్న, రాజగోపాల్. పంపేశా..."

"ఆగు!"

"ఏమైంది?"

"పంపీసేవా?"

"లేదు. నువ్వు అరిస్తే చెయ్యి ఆగింది."

"కొంచెంసేపు ఆగు. మనోహర్‌ని రానీ."

"అన్నయ్య సామాన్లకి పవర్ హౌస్ బజారుకి వెళ్ళాడు. దర్భలు దొరకలేదట, దుర్గ్ దాకా వెళ్ళాలంటున్నాడు. రేపు తెల్లవారగానే నందిని గనుల దాకా వెళ్ళి చిన్నాన్నని తేవాలి. వాడొచ్చి చెప్పేది ఏముంది? పొద్దున్నుంచి ఇదే వరస. మూడో పేరు దొరకలేదన్నావు, దొరికింది. సంవత్సరం అన్నావు, చూపించాను. ఇప్పుడు నాన్న పేరు దగ్గర ఆగమంటున్నావు."

"టీ పెట్టనా?"

"వద్దు. కూర్చో. నేనొకటి అడుగుతా."

"తరవాత అడుగు."

"మొన్న డెత్ సర్టిఫికెట్ కోసం బీరువాలో నాన్న కాగితాలన్నీ తీశాను. ఎస్ఎస్ఎల్‌సి పుస్తకం కనబడింది. దాంట్లో కూడా గుర్తుల కాలమ్ ఉంది, ఓడ జాబితాలో ఉన్నట్టే. ఎడమ భుజం మీద పెద్ద పుట్టుమచ్చ."

"ఉంటే?"

"మూడు నెలలు నాన్నకి ఒళ్ళు తుడిచింది నేను. ఎడమ భుజం మీద ఏమీ లేదు."

"వయసొస్తే చెరిగిపోతాయి."

"పుట్టుమచ్చ చెరిగిపోతుందా?"

"కొలిమి దగ్గర పనిచేసీవాళ్ళకి చెరిగిపోతాది. వేడికి."

"అమ్మా."

"నీకేటి తెలుసు ఆ వేడి."

"అమ్మా."

"మీ నాన్న మూడో తరగతి చదివేరు."

"నాన్న ఎస్ఎస్ఎల్‌సి పాసు."

"పుస్తకంలో అబ్బాయి పాసు. మీ నాన్న మూడు."

"అంటే ఆ పుస్తకం..."

"వాళ్ళ అన్నయ్యది. రాజగోపాల్ అంటే ఆయన."

"నాన్నకి అన్నయ్య ఉన్నాడా?"

"ఉండీవాడు."

"ఆగు, ఆగు. అందుకేనా ప్రమోషన్ పరీక్షలకి ఒక్కసారీ వెళ్ళలేదు? మేమంతా బద్ధకం అనుకునేవాళ్ళం. నా హోంవర్క్ ఎప్పుడు చూపించినా కళ్ళజోడు ఎక్కడో పెట్టానమ్మా అనేవారు."

"నలభై అయిదేళ్ళ దాకా ఆయనకి కళ్ళజోడే లేదు."

"నాకిప్పుడు గుర్తొస్తోంది. నువ్వు పేపరు పైకి చదివేదానివి, ఆయన వింటూ కూర్చునేవారు."

"నేను అందుకే నేర్చుకున్నాను. పప్పు కట్టిన కాగితాలు, మందు సీసాల చీటీలు. ప్లాంటు నుంచి కాగితం వస్తే ఇంట్లో చదివీవాళ్ళు ఒకరుండాల కదా. పరాయోళ్ళకి చూపిస్తే తెలిసిపోతాది."

"వాళ్ళ అన్నయ్య పుస్తకం నాన్న చేతికి ఎలా వచ్చింది?"

"ఆయన విశాఖపట్నంలో ఓడ పని దొరికిందని వెళ్ళిపోనాడు. ఏడాదయింది, ఉత్తరం లేదు. ఈలోగా ఆయన పేరున భిలాయి నుంచి రమ్మని కాగితం వచ్చింది. ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. మా అత్తగారు ఆ కాగితం, పుస్తకం తీసుకెళ్ళి తమ్ముడి చేతిలో పెట్టింది. నువ్వే రాజగోపాల్‌వి, వెళ్ళు అంది. ఆ రోజుల్లో ఫొటోలు ఎవడు చూసేడు. భుజం విప్పి ఎవడు చూసేడు."

"నువ్వప్పుడు ఎక్కడున్నావు?"

"ఆ ఇంట్లోనే."

"ఆ ఇంట్లో నువ్వెందుకుంటావు? నీకు నాన్నతో పెళ్ళి అయింది భిలాయి వచ్చాక కదా. సింహాచలంలో అయిందనేవారు, ఫోటోలు లేవనేవారు."

"నీళ్ళియ్యి."

"ఇదిగో. తాగు. చెప్పు."

"నాకు పెళ్ళయింది రాజగోపాల్‌తో. ఏడు నెలలు కాపురం. మూసుకో నోరు, ఈగ దూరుతాది. ఉద్యోగం వచ్చిన ఏడాదికి క్వార్టర్ ఇస్తామన్నారు. భార్యతో ఉండాల. భార్య పేరు కాగితాల్లో ముందే రాసుంది, గౌరీదేవి అని. మా అత్తగారు నాకు ట్రంకుపెట్టె సర్ది రైలెక్కించీసింది. మీ నాన్న స్టేషనుకి వచ్చేరు. వదినా, సామాను ఎన్ని అని అడిగేరు. అంతే."

"వదినా."

"రెండేళ్ళు అలాగే అనీవోరు. వరండాలో పడుకునీవోరు. ఒకరోజు పక్కింటి వనజాక్షి, ఏమిటండీ మీ ఆయన మిమ్మల్ని వదినా అంటారేటి అంది. మా వైపు ముద్దుగా అలాగే పిలుస్తారన్నాను. నవ్వి చచ్చిపోనాది. ఆ పూట నుంచి మానీసేరు. మరింకే పిలుపూ లేదు."

"తర్వాత?"

"ఒక వానాకాలం వరండాలోకి జల్లు కొట్టింది. లోపలికొచ్చి పడుకోమన్నాను."

"అంతేనా?"

"అంతే. మనోహర్ పుట్టేడు."

"నిన్న ఆ గాజులు..."

"మీ నాన్నకే తీయించుకున్నాను. ఆయన తెచ్చిన అన్నం తిన్నాను. తాళి కట్టింది ఒకరు, తెంపింది ఇంకొకరికి. నాకు ఏడుపు రాలేదని వనజాక్షి ఇప్పటికీ అందరితో చెప్తోంది. ఏ ముడికి ఏడవాలో తెలియలేదు."

"నాన్న అసలు పేరేమిటి?"

"మొగుడి పేరు నోటితో చెప్పను."

"ఇప్పుడు కూడానా?"

"నోటికి రాదే."

"అయితే రాయి. ఇదిగో పెన్ను. నీకు రాయడం వచ్చుగా. ఈ కవరు వెనక రాయి."

"కళ్ళజోడు ఇయ్యి."

"... వ ... వెంకట్. అమ్మా, ఇది చిన్నాన్న పేరు."

"ఊఁ."

"చిన్నాన్న పేరు రాశావు. నాన్నది అడిగాను."

"తప్పు రాయలేదు."

"నందిని చిన్నాన్న వెంకట్. నాన్న కూడా వెంకట్ అయితే చిన్నాన్న ఎవరు?"

"మనోహర్‌కి ఎనిమిది నెలలు. చంకలో ఉన్నాడు. పదకొండు గంటలప్పుడు తలుపు కొట్టేరు. తీసేను."

"ఎవరు?"

"అయిదేళ్ళయింది చూసి. గెడ్డం. మనిషి సగమయిపోనాడు. రంగూన్‌లో జబ్బుపడ్డాడట, ఉత్తరాలు రాసేనన్నాడు. ఒక్కటీ మాకు అందలేదు. పాలవలస వెళ్తే వాళ్ళమ్మ చెప్పింది, భిలాయిలో ఉన్నారని."

"గుర్తుపట్టావా?"

"తలుపు సగం తెరుచుకునేసరికే."

"ఏమన్నావు?"

"ఎవరు కావాలండీ అన్నాను."

"అమ్మా!"

"వనజాక్షి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఏరడం మానీసి నన్నే చూస్తోంది. ఇంకేటనను?"

"ఆయన?"

"రాజగోపాల్ గారిల్లు ఇదేనా అన్నాడు. అవును, డ్యూటీకి వెళ్ళేరన్నాను. పిల్లాడి వేపు చూసేడు. కాసేపు చూసేడు. తమ్ముడొచ్చేడని చెప్పండి, నా పేరు వెంకట్ అన్నాడు."

"ఆయనే అన్నాడా? తనంతట తనే?"

"తనంతట తనే. నీళ్ళు అడిగి తాగి మెట్ల మీద కూర్చున్నాడు. మీ నాన్న వచ్చీదాకా అక్కడే. ఇద్దరూ రోడ్డు అవతల నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. లోపలికొచ్చి భోంచేసేరు. మర్నాడు మీ నాన్న తీసుకెళ్ళి నందినిలో సున్నపురాయి గనుల కాంట్రాక్టరు దగ్గర పనికి పెట్టేరు. చదువుకున్నవాడు, రాళ్ళు ఎత్తేడు. పుస్తకం లేదు కదా చేతిలో."

"ప్రతి ఆదివారం భోజనానికి వచ్చేవాడు. నాకు పీచుమిఠాయి తెచ్చేవాడు. నువ్వు వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోయేదానివి. నీకు చిన్నాన్నంటే పడదని అనుకునేవాళ్ళం. నేను నీతో దెబ్బలాడాను కూడా, పాపం ఒంటరి మనిషి, ఒక మాట మాట్లాడితే ఏం పోయిందని."

"ఊఁ. దెబ్బలాడేవు."

"ఆయన పెళ్ళెందుకు చేసుకోలేదు?"

"నేనడగలేదు."

"ఆరోజు తలుపు దగ్గర ఇంకోలా అనుంటే?"

"మీ నాన్న ఉద్యోగం పోయుండును. జైలు. పిల్లాడు చంకలో. రేపటి సంగతి చూడు ఇందూ. అయిపోనవాటి సంగతి కాదు. రేపు రాజగోపాల్ అని పిలుస్తారు. రాజగోపాల్ నందినిలో ఉన్నాడు. ఎనభై ఆరేళ్ళు. నిన్నటికి నిన్న దగ్గుతున్నాడు."

"అయితే నాన్న అసలు పేరే చెప్దాం. వెంకట్."

"మీ చిన్నాన్నని అరవై ఏళ్ళుగా లోకమంతా వెంకట్ అంటోంది. ఆధార్ కార్డు మీద అదే. ఆ పేరుకి పలుకుతున్నాడు. తాతకి పిలుపు తగల్లేదు, పేరు మార్చుకున్నాడు గనక. ఈయన మార్చుకున్నదీ ఈయనదే, వదులుకున్నదీ ఈయనదే. ఏ పేరున పెట్టినా వెళ్ళి ఆయనకే తగులుతాది."

"మరి నాన్నకి?"

"అదే పదకొండు రోజులుగా వెతుకుతున్నాను. ఆయనకి ఏదీ మిగల్లేదే."

"ఉండు, ఫోన్ చేస్తా."

"ఎవరికే?"

"చిన్నాన్నకి. ఆయన పేర్లు, ఆయన్నే అడుగుతా."

"వొద్దు. ఇందూ, వొద్దంటే... ఆ మనిషిని ఏటి అడుగుతావు, నీకు పిండం పెట్టమంటావా అనా?"

"మోగుతోంది. ఉండు. స్పీకర్లో పెడుతున్నా. హలో, చిన్నాన్నా? నేను ఇందూని."

"ఆఁ, చెప్పమ్మా. మనోహర్ ఎన్నింటికి వస్తాడు? నేను ఆరింటికే తయారుగా ఉంటాను. మోకాళ్ళు పనిచేస్తే బస్సుకే వచ్చీసుందును."

"అన్నయ్య వస్తాడు. చిన్నాన్నా, ఒకటి అడగాలి. రేపు పంతులుగారికి నాన్న పేరు ఏం చెప్పమంటారు?"

"మీ అమ్మ చెప్పీసిందా?"

"చెప్పింది."

"మొత్తం?"

"మొత్తం."

"ఇన్నాళ్ళు ఎలా ఆపుకుందో. పక్కనే ఉందా?"

"పక్కనే ఉంది. వింటోంది. భయపడుతోంది చిన్నాన్నా. ఏ పేరు చెప్పినా మీకే తగులుతుందని."

"తినిందా పొద్దున్న?"

"రెండు ఇడ్లీలు."

"సరే. వెంకట్ గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పు. వాడికి మొదటిరోజు నుంచీ ఇక్కడ నేను నీళ్ళు వదులుతున్నాను. వాడి పేరు పెట్టి పిలిచి, గట్టిగా. పక్కవాళ్ళు ముసలాడికి మతి పోయింది, తన పేరు తనే పిలుచుకుంటున్నాడు అంటున్నారు. అననీ. ఎవరూ లేనప్పుడు వాణ్ణి నేనెప్పుడూ ఆ పేరుతోనే పిలిచేను. వాడికి తెలుసు నా గొంతు. వాడికి అందుతోంది."

"మరి రేపు ఇక్కడ పెట్టేది?"

"రాజగోపాల్ అనే చెప్పించు."

"అది మీరు కదా!"

"తెలుసమ్మా. రాజగోపాల్ పోయి అరవై ఏళ్ళయింది, ఇంతవరకూ వాడికి ఎవరూ పెట్టలేదు. రేపు పెట్టండి. నేనొచ్చి దగ్గర కూర్చుంటాను."